నల్ల టేపు విప్పితే: తొమ్మిది హోల్డర్ల డైరీ

రోజు 1

ఈ పని మొదలవడానికి కారణం వరండాలో ఎల్‌ఈడీ బల్బు. స్విచ్ ఆపేశాక కూడా అది పూర్తిగా ఆరడం లేదు. పగలైతే తెలియదు. రాత్రి లైట్లన్నీ ఆపి చూస్తే, బూడిద కింద నిప్పులా సన్నగా వెలుగుతూనే ఉంటుంది. బల్బు చెడిపోయిందనుకుని మార్చాను. కొత్తది కూడా అంతే. ఇక పట్టించుకోవడం మానేశాను.

నిన్న స్టోర్ గదిలో లైటు వేసి పావుగంట ఏదో వెతుకుతుంటే చేపల కంపు లాంటి వాసన వచ్చింది. ఆ గదిలో తినే వస్తువులేవీ ఉండవు. తలెత్తి చూస్తే హోల్డర్ మెడ దగ్గర చుట్టిన నల్ల టేపు మెరుస్తోంది. జిగురు కరిగి కిందికి జారుతోంది.

ఇంట్లో హోల్డర్లు లెక్కపెడితే తొమ్మిది. వాటిలో ఐదింటికి ఎప్పుడో ఎవరో టేపు చుట్టారు. ఆ ఎవరోలో నేనూ ఉన్నాను. అనుకున్న ప్రణాళిక చాలా సింపుల్: పాత టేపు తీసేయడం, మంచి టేపు కొని గట్టిగా చుట్టడం, ఒక్క ఆదివారంలో ముగించడం. ఆ ప్రణాళిక స్టోర్ గది హోల్డర్ విప్పేదాకానే నిలిచింది.

మెయిన్ ఆపి, టార్చి తలకు కట్టుకుని, టేపు కొస పట్టి లాగాను. టేపుతో పాటు తీగ మీది ప్లాస్టిక్ కూడా పెచ్చులుగా ఊడొచ్చింది. ఎర్ర తీగ గోధుమ రంగుకు తిరిగింది, కొద్దిగా వంచితే పాత గోడ సున్నంలా రాలుతోంది. లోపల రాగి నల్లబడింది. రెండు తీగల మధ్య దూరం ఒక అగ్గిపుల్ల మందం కూడా లేదు. ఇన్నాళ్లూ ఆ రెండింటినీ విడిగా ఉంచింది టేపు జిగురే.

బల్బు చుట్టూ ఉన్న గాజు డోమ్ మీద చిన్న స్టిక్కర్ ఉంది: గరిష్ఠం 40 వాట్లు. లోపల ఉన్నది 100 వాట్ల ఫిలమెంట్ బల్బు.

రోజు 1, రాత్రి

కాస్త లెక్క వేసుకున్నాను. ఫిలమెంట్ బల్బు తీసుకునే కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోతుంది. 100 వాట్ల బల్బంటే 90 వాట్ల హీటరు, దానితో పాటు కాస్త వెలుతురు. బల్బు కిందికి వేలాడుతున్నప్పుడు వేడెక్కిన గాలి పైకి, అంటే నేరుగా హోల్డర్‌కీ తీగకీ వెళ్తుంది. దాని చుట్టూ డోమ్ మూసేస్తే అది పొయ్యే. మామూలు పీవీసీ తీగ తట్టుకునేది 70 డిగ్రీల సెల్సియస్. టేపు మహా అయితే 80. నెలల తరబడి అంతకు మించిన వేడిలో ఉంటే పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం ఆవిరైపోయి, మిగిలేది పెంకే.

కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్, ఎంసీబీ, ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాణ్ణి. 100 వాట్ల బల్బు 230 వోల్టుల మీద తీసుకునేది 0.43 ఆంపియర్. లైట్ల ఎంసీబీ 6 ఆంపియర్లది. హోల్డర్‌లో కాంటాక్టు వదులై చిటపటమంటూ నిప్పురవ్వలు వచ్చినా లైనులో ప్రవహించేది ఆ అర ఆంపియరే. ఎంసీబీకి అది మామూలుగా వెలుగుతున్న బల్బే. కరెంటు బయటికి లీకవడం లేదు కాబట్టి, లీకును పట్టి లైను తెంచే ఆర్‌సీసీబీ కూడా పడదు. తీగలు పూర్తిగా కలిసి షార్ట్ అయ్యాకే ఎంసీబీకి విషయం తెలుస్తుంది. ఈ సంగతి తెలిశాక సరిగ్గా నిద్ర పట్టలేదు.

రోజు 2

బావకు ఫోన్ చేశాను. ఎలక్ట్రికల్ లైసెన్స్ ఉన్న మనిషి. వరండా బల్బు సంగతి చెబుతుంటే మధ్యలోనే ఆపాడు.

"స్విచ్ ఆపాక హోల్డర్‌లో టెస్టర్ పెట్టి చూశావా?"

"ఆపాక ఎందుకు బావా?"

"ముందు చూడు. చేత్తో మాత్రం ముట్టుకోకు."

ముందు టెస్టర్‌ను పని చేస్తున్న సాకెట్‌లో పెట్టి వెలుగుతోందని ఖాయం చేసుకున్నాను. తర్వాత వరండా స్విచ్ ఆపి, బల్బు తీసి, హోల్డర్‌లోని రెండు పిన్నులకూ ఒక్కొక్కటిగా తాకించాను. ఒక దానిలో నియాన్ ఎర్రగా వెలిగింది. స్విచ్ ఆపే ఉంది.

బావ సాయంత్రం వచ్చి స్విచ్ బోర్డు విప్పి చూపించాడు. స్విచ్‌ను ఫేజ్‌లో (కరెంటు వచ్చే తీగ) కాక న్యూట్రల్‌లో (తిరిగి వెళ్లే తీగ) వేశారు. స్విచ్ ఆపితే న్యూట్రల్ తెగుతుంది, బల్బు ఆరినట్టే ఉంటుంది. ఫేజ్ మాత్రం హోల్డర్‌లో ఇరవై నాలుగ్గంటలూ కాచుకునే ఉంటుంది. పక్కపక్కన పరుగెత్తే తీగల మధ్య కెపాసిటెన్స్ (ఒకదాన్నొకటి తాకకపోయినా కాస్త కరెంటు దాటే గుణం) వల్ల కాస్తంత కరెంటు ఎలాగో దారి చేసుకుని బల్బులోకి పోతుంది. ఫిలమెంట్ బల్బుకు అది లెక్కలోకే రాదు, ఎల్‌ఈడీ మాత్రం ఆ చుక్కతోనే మినుకుమంటుంది. పాత బల్బులున్న రోజుల్లో ఈ తప్పు ఎన్నేళ్లున్నా బయటపడకపోవడానికి కారణం ఇదే. మినుకుమనే ప్రతి ఎల్‌ఈడీ వెనకా ఇదే తప్పు ఉండక్కర్లేదట. స్విచ్‌లో ఇండికేటర్ నియాన్ ఉన్నా, తీగ చాలా దూరం పోయినా అలా జరగొచ్చు. చూడకుండా మాత్రం వదలకూడదన్నాడు.

బల్బు మార్చేటప్పుడు నేను ఎప్పుడూ స్విచ్ ఒక్కటే ఆపేవాణ్ణి, ఇత్తడి రింగు వేళ్లతో పట్టుకుని మరీ తిప్పేవాణ్ణి. ఎన్నిసార్లు మార్చి ఉంటానో!

"చిన్న బల్బే కదా, పెద్ద షాకేం ఉంటుంది" అనే మాట మా ఇంట్లో కూడా వినిపిస్తుంది. షాక్ ఎంతన్నది బల్బు వాట్లను బట్టి ఉండదు. మన చెయ్యి ఫేజ్‌కు తగిలితే దారిలో బల్బు లేనే లేదు, ఉన్నది మన ఒళ్లే. పోల్చి చూడ్డానికి చెబుతున్నా, 15 వాట్ల జీరో బల్బు లాంటిది తీసుకునేది దాదాపు 65 మిల్లీ ఆంపియర్లు. ప్రాణం కాపాడే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లకే పడేలా చేస్తారు. 10 దాటితేనే పట్టు విడిపించుకోవడం కష్టమయ్యే మనుషులున్నారు.

బావ ఫేజ్, న్యూట్రల్ సరిచేసి వెళ్లాడు. టెస్టర్ ఒక్కదాన్నే నమ్మొద్దని, మల్టీమీటర్ వాడమని అరుస్తూ మరీ వెళ్లాడు. నియాన్ టెస్టర్ వెలగకపోతే కరెంటు లేదని కాదు. ఎండలో వెలుగు కనపడకపోవచ్చు, ఎండు చెక్క బల్ల మీద నిలబడితే వెలగకనే పోవచ్చు. తెలిసిన కరెంటు మీద చూడాలి, పని చేసే చోట చూడాలి, మళ్లీ తెలిసిన కరెంటు మీద చూడాలి. మూడుసార్లు.

రోజు 3

సామాను తెచ్చుకోవడానికే రోజంతా పోయింది. ఇన్సులేషన్ అంటే ఒకటే అనుకునేవాణ్ణి. నిజానికి ఇక్కడ రెండు శత్రువులు. ఒకటి కరెంటు, రెండోది వేడి. కరెంటును ఆపేవన్నీ వేడిని తట్టుకోవు.

పీవీసీ టేపు: చల్లటి చోట జాయింట్ మీద పైపూతగా సరే, హోల్డర్ దగ్గర వద్దు. వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ ట్యూబు: మామూలు రకం 125 డిగ్రీలదాకా. సిలికాన్ పూత వేసిన గాజు నూలు స్లీవు: 180 డిగ్రీల పైమాటే. చూడ్డానికి షూ లేసులా ఉంటుంది, తీగకు తొడిగితే చక్కగా వంగుతుంది. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన వస్తువు ఇదే. ఎక్కువ వేడి ఉన్న చోట తీగే సిలికాన్ ఇన్సులేషన్ ఉన్నది వేస్తే ఇంకా మంచిది.

హోల్డర్లు రెండు రకాలు చూశాను. బేకలైట్ 1907లో లియో బేక్‌లండ్ కనిపెట్టినది. వేడికి మైనంలా కరగదు, అందుకే వందేళ్లకు పైగా హోల్డర్లలో బతికింది. కానీ కాలిపోతే మాడుతుంది, మాడిన చోట బొగ్గు గీత పడుతుంది. బొగ్గు కరెంటుకు దారి. అలాంటి హోల్డర్‌ను రుద్ది కడిగి మళ్లీ వాడటం కుదరదు. పింగాణీ మాడదు, పగులుతుంది అంతే. ఫిలమెంట్, హాలోజన్ బల్బులు ఉండే చోట్లకు పింగాణీవే తీసుకున్నాను. హాలోజన్ బల్బు పనిచేయాలంటేనే దాని గాజు దాదాపు 250 డిగ్రీలు దాటాలి కాబట్టి అక్కడ బేరాలు లేవు. మిగతా వాటికి మంచి రకం బేకలైట్.

చాలా పాత ఫిట్టింగుల్లో వేడికి అడ్డంగా తెల్లటి పీచు షీటు కనపడవచ్చు. అది ఆస్‌బెస్టాస్ అయ్యే అవకాశం ఉంది. గోకొద్దు, ఊదొద్దు, అలాగే వదిలి తెలిసినవాళ్లకు చెప్పాలి. మా ఇంట్లో కనపడలేదు, బతికిపోయాను.

రోజు 5

అసలు పని మొదలు. స్టోర్ గది. మాడిన తీగను మంచి భాగం వచ్చేదాకా కత్తిరించాను. అరచేయంత పొడవు పోయింది. మిగిలింది చాలదు, అందుకే సీలింగ్ రోజ్ (పైకప్పుకు బిగించే గుండ్రటి డబ్బా) నుంచి హోల్డర్ దాకా మొత్తం తీగే మార్చాను. అక్కడా ఇక్కడా అతుకులు పెట్టి కాపాడుకునేంత విలువైనది కాదది.

కొస ఏడెనిమిది మిల్లీమీటర్లు ఒలిచి, పోగుల్ని మెలి తిప్పి, మడిచి రెండింతలు చేసి స్క్రూ కింద పెట్టాను. ఇక్కడ రెండు పాఠాలు. ఒకటి, ఒలిచేటప్పుడు ఒక్క పోగు బయటికి లేచినా అది పక్క టెర్మినల్‌ను తాకుతుంది. తల వెంట్రుక అంత సన్నం, కళ్లద్దాలు లేకుండా నాకు కనపడదు. రెండు, కొసకు సోల్డర్ పెడితే గట్టిగా ఉంటుందని ఇన్నాళ్లూ గొప్పగా చేసేవాణ్ణి. బావ నవ్వాడు. సోల్డర్ మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి మెల్లగా నలిగి జారిపోతుంది, కొన్ని నెలల్లో స్క్రూ వదులు. వట్టి రాగి లేదా దానికి నొక్కిన లగ్గే (లోహపు కొస తొడుగు) మంచిదట.

స్లీవు తొడిగాను, స్క్రూ బిగించాను, తీగ పట్టి గట్టిగా లాగి చూశాను. రాలేదు. సంతోషంగా హోల్డర్ పై మూత కోసం చూస్తే అది బల్ల మీద ఉంది. తీగలోంచి ముందే దూర్చుకోవాల్సిన మూత! మొత్తం విప్పి మళ్లీ మొదలు. ఈ తప్పు ఈ వారంలో మూడుసార్లు చేశాను. మూడోసారి తర్వాత మూత నోట్లో పెట్టుకుని పని చేశాను, అప్పుడే గుర్తుంది.

తీగ బరువును టెర్మినల్ స్క్రూల మీద పడనివ్వకుండా మూతలో చిన్న పట్టు ఉంటుంది. పాతదానిలో ఆ పట్టు వాడనే లేదు. డోమ్ బరువంతా రెండు స్క్రూల మీద వేలాడింది. వదులు కావడానికి అదొక కారణం.

పాత 100 వాట్ల బల్బును పారేసే ముందు అడుగు చూశాను. సీసపు చుక్కలు రెండింటిలో ఒకటి నున్నగా మెరుస్తోంది, రెండోది నల్లగా గుంటలు పడి, మశూచి మచ్చల్లా ఉంది. హోల్డర్‌లో ఆ వైపు స్ప్రింగు వేడికి చచ్చిపోయి మెత్తగా ఉంది, వేలితో నొక్కితే తిరిగి లేవడం లేదు. ఆ మచ్చలన్నీ చిన్న చిన్న మెరుపుల గుర్తులు. ఇక్కడ ఎన్ని చుట్లు టేపు చుడితే ఏం లాభం?

కొత్త హోల్డర్, 9 వాట్ల ఎల్‌ఈడీ, డోమ్ అడుగు మూత తీసేశాను. ఎల్‌ఈడీకి వేడి ఉండదని కాదు, దాని వేడి మొదలు దగ్గర, డ్రైవర్‌లో ఉంటుంది. మూసిన డోమ్‌లో పెడితే అదే ముందు పోతుంది. గంట తర్వాత చెయ్యి పెట్టి చూస్తే హోల్డర్ గోరువెచ్చగా ఉంది.

రోజు 6

మెట్ల దగ్గర ఇత్తడి గోడ దీపం. అందరికీ ఇష్టమైనది, అన్నిటికంటే ప్రమాదమైనదీ అదే. గొట్టంలోంచి తీగ వచ్చే చోట అంచు కత్తిలా ఉంది, తీగ పైపొర చెక్కుకుపోయింది. ఇంకో సంవత్సరం ఊగితే రాగి ఇత్తడికి తగిలేది, దీపమంతా ఫేజ్. అక్కడికి ఎర్త్ తీగ రానే రాలేదు, రెండే తీగలు.

ఇక్కడ మనసు టేపు వైపు లాగింది, ఒప్పుకుంటున్నాను. లోహపు ఫిట్టింగుకు రెండే దారులు: ఎర్త్ తేవడం, లేదా తీసేసి డబుల్ ఇన్సులేషన్ ఉన్నది పెట్టడం. ఆ రెండో రకం మీద చదరంలో చదరం గుర్తు ఉంటుంది, దానికి ఎర్త్ అక్కర్లేదు. గోడ తవ్వి ఎర్త్ తెచ్చాను. రెండు రోజుల పని, దుమ్ము గురించి ఇంట్లో విన్న మాటలు రాయను. గొట్టం అంచుకు రబ్బరు బుష్ వేశాను, లోపల తీగకు స్లీవు, గొట్టానికి ఎర్త్ స్క్రూ.

దానికి బల్బును తిప్పి బిగించే మర హోల్డర్, ఈ27 రకం. మర ఉన్న వాటిలో ఫేజ్ అడుగున మధ్య కాంటాక్టుకు, న్యూట్రల్ మర షెల్‌కు పోవాలి. తిరగేస్తే బల్బు చక్కగానే వెలుగుతుంది. కానీ బల్బు తిప్పేటప్పుడు వేలు తగిలేది ఆ మర భాగమే. విప్పి చూశాను: తిరగేసే ఉంది. రెండు కొసలతో తగిలించే మామూలు బీ22 హోల్డర్‌లో ఈ తేడా లేదు, కానీ బల్బు తీసేస్తే రెండు పిన్నులూ బయటికే ఉంటాయి. ఖాళీ హోల్డర్‌లో పనికిరాని బల్బైనా పెట్టి ఉంచడం పిల్లలున్న ఇంట్లో మంచిది.

రోజు 9

బయటి గోడ లైటు. ఈ రోజు తెలివి ఎక్కువై చేసిన పని ఒకటి రాయాలి. వాన నీళ్లు రాకూడదని ఫిట్టింగ్ చుట్టూ సిలికాన్ సీలెంట్ పూర్తిగా, గుండ్రంగా పూసేశాను. తర్వాత చూస్తే గాజు లోపల మంచు పట్టినట్టు ఆవిరి. వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది, చల్లబడితే బయటి తేమను పీల్చుకుంటుంది. లోపల చేరిన నీటికి పోయే దారి లేదు. కింద ఉండే సన్న రంధ్రాన్ని నేనే మూసేశాను. విప్పి, కింది అంచు వదిలి, పై అంచూ పక్కలూ మాత్రమే పూశాను. తీగను కింది నుంచి వంపు తిప్పి పైకి తీసుకెళ్లాను, నీటి చుక్క ఆ వంపులోనే కిందికి రాలిపోతుంది.

సీలెంట్ గురించి ఇంకో మాట. ఘాటుగా పుల్లటి వాసన వేసే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది రాగిని తింటుంది. ట్యూబు మీద న్యూట్రల్ క్యూర్ అని ఉన్నదే తీసుకోవాలి. నా దగ్గరున్నది మొదటి రకం. దాన్ని సింకు అంచుకు దాచిపెట్టాను.

రోజు 10

హాల్లో ఫాల్స్ సీలింగ్ లైట్లు. పని తక్కువ, ఆశ్చర్యం ఎక్కువ. పైన వేడి తగ్గడానికి పరిచిన థర్మోకోల్ షీటు లైటు వీపు మీదే కూర్చుంది. గదిని చల్లగా ఉంచే ఇన్సులేషన్ లైటుకు కంబళి అయింది. పైగా పీవీసీ తీగ థర్మోకోల్‌ను అంటుకుని ఉంటే తీగలోని మెత్తదనాన్నిచ్చే పదార్థం అందులోకి పోతుంది, తీగ గట్టిపడుతుంది. తగిలిన మేరా తీగ నిజంగానే షీటులో గాడి చేసుకుని దిగబడి ఉంది. ప్రతి లైటు చుట్టూ జానెడు చొప్పున కోసి తీసేశాను, తీగలను గొట్టంలో వేసి పైకి కట్టాను.

రోజు 13

బావ మెగ్గర్ తెచ్చాడు. 500 వోల్టుల డీసీ పంపి ఇన్సులేషన్ ఎంత అడ్డుకుంటుందో మెగా ఓమ్‌లలో చెప్పే పరికరం. కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి, కొత్త పనికి అంతకంటే చాలా ఎక్కువే రావాలి. ముందుగా ఎల్‌ఈడీలన్నీ విప్పించాడు, లేకపోతే ఆ 500 వోల్టులకు వాటి డ్రైవర్లు పోతాయి, రీడింగూ తప్పు వస్తుంది.

స్టోర్, వరండా, మెట్లు, హాలు: ముల్లు 200 దాటి చివరికి ఆనుకుంది. బాత్రూమ్ లైను 0.4.

"ఏం చేశావు దీన్ని?"

"ఏం చేయలేదు బావా. కొత్తగానే కనపడింది, వదిలేశాను."

విప్పాడు. పైకి తెల్లగా మెరిసే హోల్డర్ లోపల, రెండు టెర్మినళ్ల మధ్య, పెన్సిల్ గీసినట్టు సన్నటి నల్ల గీత. ఆవిరి, దుమ్ము, కాస్త కాస్త కరెంటు కలిసి వేసుకున్న దారి. నీటి జల్లుకు తట్టుకునే మూసిన ఫిట్టింగ్, ఐపీ65 ది, వేశాం. మళ్లీ మెగ్గర్ పెడితే 200 పైకి పోయింది. తొమ్మిదింటిలో టేపు లేని నాలుగింటినీ నేను మంచివనుకున్నాను. అందులో ఒకటి ఇది.

చివరగా ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కాం. టక్‌మని పడింది. కొన్నాక ఆ బటన్ నొక్కడం ఇదే మొదటిసారి.

రోజు 14

రాత్రి లైట్లన్నీ ఆపి వరండాలో నిలబడ్డాను. పూర్తి చీకటి. స్టోర్ గదిలో గంటసేపు లైటు వేసి ఉంచాను, వాసన లేదు.

మొదటి రోజు కొన్న టేపు చుట్ట అలాగే ఉంది. చిన్న ముక్కలు కత్తిరించి, వాటి మీద తెల్ల పెన్నుతో రాసి ఎంసీబీల కింద అతికించాను: వరండా, మెట్లు, హాలు, బాత్రూమ్.